ఈసారి తలుపు తియ్యకు

రఘుపతి ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. మహబూబ్‌నగర్ డిపోలో చేరాడు, అక్కడే రిటైరయ్యాడు. దారిలో ఎవరు చెయ్యెత్తినా బస్సు ఆపడం, ఎక్కించుకోవడం ఆయన ఉద్యోగం. పోయినేడు దసరా తర్వాత అదే పని చేసినందుకు ఆయన భార్య నిర్మలమ్మ ఆలంపూర్ దాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. తేడా ఒక్కటే. ఆ రోజు ఆమె చెయ్యెత్తలేదు.

నిర్మలమ్మ పెద్దదవాఖానలో హెడ్ నర్సు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. నాలుగేళ్ల కింద షుగరు బయటపడినప్పుడు డాక్టరు రోజూ నడవమన్నాడు. "పొద్దంత వార్డుల నడుసుడే గదా సార్, ఇంక ఏడికి నడవాలె?" అని చెప్పి ఆమె సైకిల్ కొనుక్కుంది. నిటారు హ్యాండిల్, వెడల్పు టైర్లు, వెనక క్యారియర్, పక్కన స్టాండు. హైబ్రిడ్ అంటారు దాన్ని. మట్టిబాటలోనూ పోతుంది, తారు రోడ్డు మీదా పోతుంది. డ్యూటీకి దాని మీదే పోయేది, రైతుబజారుకూ దాని మీదే. తర్వాత ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్ల గుంపులో చేరింది.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ గోపీకృష్ణ ఆ గుంపుకు పెద్ద. ఏటా దసరా తర్వాతి ఆదివారం వాళ్లంతా పాలమూరు నుంచి ఆలంపూర్ పోతారు. పొద్దు పొడవకముందు బయలుదేరి, పొద్దు గూకేలోపు జోగులాంబ గుడి ముందర సైకిల్ దిగాలి. నూటిరవై కిలోమీటర్ల పైమాటే. నీళ్లు, అరటిపండ్లు, పంపు, ట్యూబులతో వెనక ఒక వ్యాను పోతుంది. వ్యాను రఘుపతిది. నడిపేదీ ఆయనే.

పోయినేడు పెబ్బేరు దాటాక గాలి లేచింది. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా అడ్డం ఏమీ ఉండదు. నిటారుగా కూర్చుని తొక్కే మనిషి ఆ గాలికి తడిక కట్టినట్టే. మిగతావాళ్లు కనుమరుగయ్యారు. నిర్మలమ్మ తొక్కుతూనే ఉంది, సైకిల్ మాత్రం నడిచే మనిషితో సమానంగా కదిలింది. రఘుపతి వ్యానును పక్కకు తెచ్చి ఆపాడు. దిగి తలుపు తీశాడు.

"ఎక్కు నిర్మలా. పొద్దు పోతాంది."

ఆమె ఆ తలుపు వంక చూసింది. చాలాసేపు చూసి, ఎక్కింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు కూడా తలెత్తలేదు.

ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎండకాలంలో ఒకరోజు నిర్మలమ్మ గోపీకృష్ణ సైకిల్ అడిగి తీసుకుని స్టేడియం చుట్టూ తిరిగొచ్చింది. దిగి, "గాలి నెత్తి మీదికెల్లి పోతాంది" అన్నది. మరుసటి వారం హైదరాబాద్ పోయి అట్లాంటిదే తెచ్చుకుంది.

రోడ్ బైక్ అంటారట. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా ముందుకొచ్చి కిందికి వంగి ఉంది. టైరు బొటనవేలంత. డిపోకు కొత్త బస్సు వస్తే చూసినట్టు రఘుపతి దాని చుట్టూ తిరిగి చూశాడు.

"స్టాండేది?"

"లేదు."

"క్యారియరో?"

"లేదు."

"మడ్గార్డు?"

"అది గూడ లేదు."

"ఇంకేమున్నది మరి?"

"నేనున్న," అన్నది నిర్మలమ్మ.

"దిగినప్పుడు ఎట్ల నిలబెడుతవ్?"

"గోడకు ఆనిస్త. గోడ లేకుంటే నువ్వున్నవ్ గదా."

ఆ సైకిల్ ఆమెకు లొంగిందో, ఆమే దానికి లొంగిందో రఘుపతి దగ్గరుండి చూశాడు. గేరు మీట బ్రేకు మీటలోనే ఉండేది. గేరు మార్చబోయి బ్రేకు పట్టేది. అరచేతులు తిమ్మిరెక్కేవి. మెడ పట్టేసి, వార్డులో సెలైన్ సీసా తగిలించడానికి ఇంకో నర్సును పిలవాల్సి వచ్చిందని ఆమే చెప్పి నవ్వింది. "కొత్త చెప్పు అసుంటిది. రెండు దినాలు కరుస్తది, తర్వాత కాలికి తెలుస్తది."

వంగి తొక్కుతుంటే వాడకట్టులో ఆడవాళ్లు ఊరుకోలేదు.

"అక్కా, ఏం పోయిందని గట్ల కింద ఎతుకుతున్నవ్?"

"షుగరు పడిపోయింది చెల్లే. దొరికితే చెప్పు, నువ్వే ఉంచుకో."

వానలు పడేనాటికి డ్యూటీకి ముందే దేవరకద్ర దాకా పోయి వస్తోంది. ఒక ఉదయం రఘుపతి స్కూటరు మీద వెనకే పోయాడు. ఆమె వీపు కదలలేదు. కాళ్లు తిరుగుతున్నాయి, అంతే. ఎత్తు వచ్చినా, పల్లం వచ్చినా కాళ్లు అదే లెక్కన తిరిగాయి, గేరు మాత్రం మారింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌ను గుంజొద్దు, గేరు దించాలని కొత్త డ్రైవర్లకు చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పెట్టేది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దసరా వచ్చింది. డిపోలో ఉన్నన్నాళ్లూ దసరా నాడు తన బస్సును ఆయన ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. తానే కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. రిటైరయ్యాక ఆ పూజ వ్యానుకూ స్కూటరుకూ మిగిలింది. ఈ ఏడు కొత్త సైకిల్ చేరింది. నిర్మలమ్మ చుట్టాలకు వడ్డిస్తోంది. రఘుపతి సైకిల్‌ను రెండు కుర్చీల నడుమ నిలబెట్టి పాత బనీనుతో తుడిచాడు.

పాత సైకిల్‌కు బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టేవి. ఆ సంగతి ఆయనకు తెలుసు. బస్సు నడిపినవాడు బ్రేకు పట్టే చోట నూనె తగలనిస్తాడా? రిమ్ములను పొడిగుడ్డతో తుడిచాడు. పసుపు కూడా వాటికి దూరంగానే పెట్టాడు. చక్రాల నడుమ, ఇరుసు దగ్గర, చిల్లులు చిల్లులుగా ఇనుప బిళ్లలు కనిపించాయి, చక్రానికొకటి. పలుచగా ఉన్నాయి. వాన తగిలితే తుప్పు పట్టేట్టున్నాయి. వాటికి కొబ్బరినూనె రాశాడు. రెండు వైపులా, ఓపిగ్గా.

చుట్టాలు పోయేదాకా సైకిల్ గడప దాటలేదు. శనివారం సాయంత్రం నిర్మలమ్మ వ్యాను దగ్గరికి వచ్చి, మందుల డబ్బా వెనక సీటు మీద పెట్టింది. దూది, గాజుగుడ్డ, స్పిరిటు, టింక్చరు. పెట్టాక కూడా పోలేదు.

"ఈసారి తలుపు తియ్యకు," అన్నది.

"నీతోని అయితలేదని నాకు కనబడితే?"

"అయితలేదంటే నేనే చెప్త. నేను చెప్పకముందే తలుపు తీసి నిలబడితే ఎక్కకుండ ఉండుడు కష్టం. వార్డుల రోజూ చూస్తనే ఉంట. వీల్‌చైరు తెచ్చి పక్కన పెట్టినమంటే నడిచేటోడు గూడ కూసుంటడు."

రఘుపతి సరేనన్నాడు.

తెల్లారకముందే గడియారం చౌరస్తా నుంచి గుంపు కదిలింది. రోడ్లు ఖాళీగా ఉన్నాయి, బ్రేకుతో పని పడలేదు. దేవరకద్రలో గుంపంతా నెమ్మదించినప్పుడు నిర్మలమ్మ సైకిల్ లేగదూడ అరిచినట్టు అరిచింది. ఆమె వంగి చక్రం వంక చూసింది. "మంచుకు తడిసినట్టుంది" అని గోపీకృష్ణతో అన్నది. వెనక వ్యానులో రఘుపతి ఆ చప్పుడు విన్నాడు. కొత్త బండి కదా అనుకున్నాడు.

దేవరకద్ర దాటి కొత్తకోట దారి పట్టాక, ఒక ఊరి ముందు రోడ్డు సగమైంది. ఎడమ సగం వడ్లు పరిచి ఉన్నాయి. కోతలు మొదలైతే ఆ దారిలో ఎక్కడైనా అంతే. తారు వేడికి వడ్లు తొందరగా ఎండుతాయి. బండ్లు ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్లు పేరుస్తారు. ఒకామె వడ్లలో కాళ్లీడుస్తూ నడుస్తోంది. ఆమె పాదాల వెనక చాళ్లు పడుతున్నాయి. గుంపు మిగిలిన సగంలోంచి దాటిపోయింది. నిర్మలమ్మ వెనకబడి వస్తోంది. ఎదురుగా లారీ వచ్చింది.

ఆమె బ్రేకు పట్టడం రఘుపతికి కనిపించింది. వేళ్లు బిగిశాయి. సైకిల్ అరిచింది. ఆగలేదు. ముందు లారీ, పక్కన రాళ్ల వరస, దాని అవతల కాళ్లతో వడ్లు తిరగేస్తున్న మనిషి. రఘుపతి వ్యాను బ్రేకు తొక్కాడు. అప్పటికే నిర్మలమ్మ రెండు రాళ్ల సందు చూసి, ఆ మనిషికి ఇవతలగా, హ్యాండిల్ వడ్లలోకి తిప్పేసింది. బొటనవేలంత టైరు వడ్లలో దిగబడింది. సైకిల్ నిలబడిపోయింది. ఆమె ఎడమ పక్కకు మెల్లగా ఒరిగి వడ్ల మీద పడింది. లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

ట్రైనింగులో కొత్త డ్రైవర్లకు చెప్పే మాట ఒకటుంది. బండి ఆగదని తెలిస్తే, దేనికి తగలాలో ముందు నువ్వే చూసుకో. ముప్ఫై ఏళ్లలో రఘుపతికి ఆ అవసరం ఒక్కసారి పడింది. ఆ ఒక్కసారీ ఆయన ఇంత తొందరగా చూసుకోలేకపోయాడు.

"ఓ తల్లో, నా వడ్లు!" అంటూ వడ్లామె ఉరికొచ్చింది. ఆమె పేరు ఈదమ్మ. పడింది తన వయసు మనిషని చూసి వడ్ల మాట వదిలేసింది. "దెబ్బ తాకిందా అమ్మా?"

"మోచెయ్యి గీసుకపోయింది, అంతే. నీ వడ్లు మెత్తగున్నయి."

"మెత్తగున్నయని పైకనకు తల్లీ. తేమ ఉన్నదని వడ్లు కొనే సెంటర్ల కొనరు."

నిర్మలమ్మ వడ్లలో కూర్చునే నవ్వింది. లేచి, సైకిల్ ఎత్తి, ముందు చక్రం తిప్పింది. నడుమ బిళ్లను వేలితో తాకింది. వేలు, బొటనవేలు రుద్ది చూసింది. వాసన చూసింది. అప్పుడు తలెత్తి భర్త వంక చూసింది.

"గిది కొబ్బరినూనె."

అప్పటికి వ్యాను దిగిన రఘుపతి, తలుపు పక్కనే నిలబడి ఆ బిళ్ల వంక చూశాడు. "దసరా నాడు పెట్టిన. తుప్పు పట్టొద్దని. రిమ్ముకు తగలనియ్యలే."

"దీనికి బ్రేకు రిమ్ము మీద లేదయ్యా. గీ బిళ్ల మీదనే ఉన్నది."

ఈదమ్మ మధ్యలో అందుకుంది. "నెత్తికి రాసే నూనె బండికి రాసినవా అన్నా? ఇంట్ల జడ ఉన్న మనిషి లేదా?"



వెనక మనిషి రావడం లేదని గోపీకృష్ణ తిరిగొచ్చాడు. సంగతి విని, బ్రేకు పట్టి చూసి తలూపాడు. "అమ్మా, ఇంక హైవే ఎక్కాలె. ముందట లారీలు. బ్రేకు లేకుండ పోవుడు మంచిది గాదు. సైకిల్ పైన కడుదాం, మీరు వ్యాన్ల రండి. వచ్చే ఏడు చూసుకుందాం." తర్వాత రఘుపతి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్. మీ మాట వింటరు."

గోపీకృష్ణ చెప్పింది న్యాయమే. రఘుపతి తన చేతి వంక చూసుకున్నాడు. అది వ్యాను తలుపు పిడి మీద ఉంది. ఎప్పుడు పోయిందో ఆయనకు తెలియదు. నిర్మలమ్మ కూడా ఆ చేతినే చూస్తోంది. ఆయన చెయ్యి తీసేశాడు.

"ఆమెనే అడుగు సార్," అన్నాడు.

"బ్రేకు బాగైతే పోత. కాకుంటే నేనే ఎక్కుత," అన్నది నిర్మలమ్మ. "స్పిరిటు తే."

డబ్బా వెనక సీటు మీద ఉంది. రఘుపతి పక్క తలుపు ముట్టుకోలేదు. వెనక డిక్కీ తెరిచి, సగం లోపలికి పాకి, చెయ్యి చాపి అందుకున్నాడు.

ఆమె రోడ్డు పక్కన కూర్చుంది. సూది వేసే ముందు రెక్క తుడిచినట్టే దూదికి స్పిరిటు పట్టించి బిళ్లలు తుడిచింది. నల్లబడిన దూది పారేసి కొత్తది తీసింది. తెల్ల దూది తెల్లగానే వచ్చేదాకా తుడిచింది. గోపీకృష్ణ తన సంచిలోంచి మరలు విప్పే తాళం తీసి, ఆ బిళ్లలను పట్టి ఆపే బ్రేకు ముక్కలు విప్పాడు. ఇంత చిన్నవి, చింతగింజలంత. వాటి మొహాలకు నూనె ఇంకి మెరుస్తున్నాయి.

"వీటిని గీకాలె," అన్నాడు. "గరుకు కాగితం తేలే."

నిర్మలమ్మ వడ్ల అంచున పేర్చిన రాళ్ల వంక చూసింది. ఈదమ్మకు అర్థమైంది. వరసలోంచి ఒక రాయి వదిలి, రెండోది వదిలి, మూడోది ఏరి తెచ్చింది. "గిది పట్టు. కొడవలి గూడ దీనికే నూరుకుంట."

నిర్మలమ్మ బ్రేకు ముక్కలను ఆ రాయి మీద రుద్దింది. మెరుపు పోయేదాకా రుద్ది, స్పిరిటుతో కడిగి, ఊది, గోపీకృష్ణకిచ్చింది. ఆయన బిగించాడు. మోచేతి గీతకు ఆమె అదే సీసాలోంచి ఇంత దూది అద్దుకుంది, మొహం చిట్లించకుండా.

"ఇగ చూడాలె," అని సైకిలెక్కింది. రఘుపతిని పిలిచింది. "నువ్వు పోయి గా కరెంటు స్తంభం కాడ నిలబడు. రోడ్డు నడుమ."

"ఎందుకు?"

"నీ ముందల ఆగుతనో లేదో చూస్త."

"నేనే దొరికిన్నా?"

"నూనె రాసింది ఎవరు?"

ఈదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రఘుపతి పోయి నిలబడ్డాడు. బండి ఏదీ రావడం లేదని గోపీకృష్ణ రెండు వైపులా చూసి చెయ్యూపాడు. నిర్మలమ్మ వచ్చింది. బ్రేకు పట్టింది. సైకిల్ అరిచి, ఆయన పక్కనుంచి దాటిపోయి అవతల ఆగింది. రఘుపతి కదలలేదు. ఆమె వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. ఈసారి ఆయనను దాటినా, కొంచెం దూరంలోనే ఆగింది. వేడికి మిగిలిన నూనె కాలుతూ కమురు వాసన వచ్చింది. ఆమె మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతిసారీ అరుపు తగ్గింది. చివరిసారి ఆమె వేగం తగ్గించకుండా వచ్చింది. రఘుపతి కళ్లు మూసుకుందామనుకున్నాడు గానీ మూసుకోలేదు. ముందు చక్రం ఆయన చెప్పుల ముందు నిలబడింది. చప్పుడు లేదు.

"పోదాం," అన్నది నిర్మలమ్మ.

పరీక్ష పాసైనట్టు గోపీకృష్ణ నవ్వి, గుంపును అందుకోవడానికి ముందుకు పోయాడు. ఈదమ్మ రాయిని తీసుకుని, దాని చోట దాన్ని పెట్టి, చెదిరిన వడ్లను కాలితో సర్దింది. "వచ్చేటప్పుడు గా పక్కకెల్లి రా తల్లీ," అని అరిచింది.

కొత్తకోట దగ్గర హైవే ఎక్కారు. రఘుపతి ఇండికేటరు వేసి అంచున పోతున్నాడు. ముందర ఆమె ఒక్కతే. వడ్ల దగ్గర పోయిన సమయం పోయింది. గుంపు జాడ లేదు. ఎండ నడినెత్తి దాటింది. పెబ్బేరు వచ్చింది, పోయింది. పోయినేడు వ్యాను ఆపిన చోటు రఘుపతికి గుర్తుంది. కల్వర్టు, దాని పక్కన మూతబడ్డ ధాబా. అక్కడికి రాకముందే గాలి వ్యాను అద్దాన్ని తాకింది. స్టీరింగు కొంచెం గుంజింది. బస్సు నడిపేటప్పుడు కూడా ఇక్కడ గుంజేది.

నిర్మలమ్మ చేతులు హ్యాండిల్ కింది వంపుల్లోకి జారాయి. నడుము వంగింది. తల దిగింది. పోయినేడు ఆమె ఛాతీని పట్టుకుని ఆపిన గాలికి ఈసారి పట్టు దొరకలేదు. ఆమె గేరు దించింది. కాళ్లు అదే లెక్కన తిరిగాయి. వేగం తగ్గింది, ఆగలేదు. కల్వర్టు వచ్చింది. ఆమె దాని వంక చూడలేదు. చూసింది రఘుపతి ఒక్కడే.

బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా ఉంది. వంతెన దాటి కొంత దూరం పోయాక నిర్మలమ్మ సైకిల్ ఆపింది. దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి తల వాల్చింది. రఘుపతి వ్యాను పక్కకు తెచ్చాడు. ఆమె మొహం మీద ఉప్పు తెల్లగా కట్టింది. చేతులు వణుకుతున్నాయి. షుగరు మనిషి. ఆయన చెయ్యి తలుపు దాకా పోయింది. ఆయన దాన్ని అద్దం మీటకు మళ్లించి అద్దం దించాడు.

"చెప్పు," అన్నాడు.

ఆమె ఊపిరి తీసుకుంది. "అరటిపండు."

కిటికీలోంచి ఇచ్చాడు. తిన్నది. ఇంకోటి అడిగింది, అదీ ఇచ్చాడు. నీళ్లు ఇచ్చాడు. ఆమె సగం తాగి, సగం మెడ మీద పోసుకుంది. ఖాళీ సీసా కిటికీలోంచే తిరిగిచ్చింది. వణుకు తగ్గిందో లేదో తన చెయ్యి తానే చాపి చూసుకుంది, వార్డులో ఇంకొకరి చెయ్యి చూసినట్టు. తొక్కుడు మొదలుపెట్టింది. రఘుపతి అద్దం ఎత్తడం మరిచిపోయాడు. ఆలంపూర్ చౌరస్తాలో హైవే దిగేదాకా గాలి లోపలికి కొడుతూనే ఉంది.

గుడి దగ్గరికి వచ్చేసరికి గోపురాల మీద ఇంకా ఎండ ఉంది. గుంపు చాయ్ దుకాణం దగ్గర కూర్చుని ఉంది. ఆమెను చూసి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గోపీకృష్ణ చప్పట్లు కొట్టబోయి, ఆమె మొహం చూసి నమస్కారం పెట్టాడు.

నిర్మలమ్మ దిగి నిలబడింది. సైకిల్ ఆనించడానికి గోడ కోసం చూసింది. దగ్గర్లో లేదు. రఘుపతి వ్యాను దిగి వచ్చాడు. ఆమె హ్యాండిల్ ఆయన చేతికిచ్చింది.

"పట్టుకో. అమ్మవారికి మొక్కొస్త."

"పట్టుకుంట గని, నూనె రాయనులే."

"రాసి చూడు," అని ఆమె గుడి వైపు నడిచింది. మోకాళ్లు వంగడం లేదు, అయినా ఎవరి ఆసరా తీసుకోలేదు.

రఘుపతి సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. కొబ్బరికాయల దుకాణంవాడు సైకిల్‌నూ ఆయననూ మార్చి మార్చి చూశాడు.

"ఏడికెల్లి వచ్చిన్రు పెద్దయ్యా?"

"పాలమూరు."

"గా అమ్మనేనా తొక్కింది? గంత దూరం?" వాడు వ్యాను వైపు గడ్డం ఎత్తి చూపాడు. "నడుమ నడుమ గా వ్యాన్ల ఎక్కిచ్చుకున్నవా?"

"లేదు," అన్నాడు రఘుపతి. "వ్యాను ఖాళీగ వచ్చింది."